కోత పడిన పన్ను, కట్టవలసిన పన్ను: ఆదాయపు పన్ను రిటర్నులో సరిచూసుకోవలసిన లెక్కలు

జీతంలో టీడీఎస్ పట్టుకున్నారు, డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు పట్టుకుంది, కాబట్టి పన్ను బాధ్యత తీరిపోయింది, ఇక జూలైలో రిటర్ను పంపడం ఒక లాంఛనం మాత్రమే అన్న నమ్మకం జీతగాళ్లలో బలంగా ఉంది. రిటర్నుల్లో దొర్లే తప్పుల్లో పెద్ద భాగానికి మూలం ఈ నమ్మకమే. టీడీఎస్ అన్నది డబ్బు చెల్లించేవారు తమకు తెలిసినంత మేరకు అంచనా వేసి ముందుగా కోసే మొత్తం. కంపెనీకి తాను ఇచ్చిన జీతం తెలుసు, బ్యాంకుకు తాను ఇచ్చిన వడ్డీ తెలుసు. ఒకరి లెక్క మరొకరికి తెలియదు. ఏడాది పొడవునా చేతికి వచ్చిన ఆదాయమంతా తెలిసిన మనిషి ఒక్కరే ఉంటారు, ఆ మనిషి చెప్పే మొత్తం లెక్కే రిటర్ను. అందుకే ఇందులో గుణకారాలు, కూడికల కన్నా సరిచూసుకోవడం ముఖ్యమైన పని. గుణకారాలను ఆదాయపు పన్ను శాఖ వెబ్ పోర్టల్ ఎలాగూ చేసిపెడుతుంది.

2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి వర్తించేది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది, అందులో గత సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాది), మదింపు సంవత్సరం (ఆ ఆదాయం మీద పన్ను లెక్కగట్టే తర్వాతి ఏడాది) అనే జంట పదాల స్థానంలో పన్ను సంవత్సరం అనే ఒకే మాట ఉంది. అయితే ఆ తేదీకి ముందు సంపాదించిన ఆదాయానికి పాత చట్టపు సెక్షన్లే వర్తిస్తాయి కనుక, జీతం మీద బతికేవారు 2026 జూలై 31 లోపు దాఖలు చేయవలసిన రిటర్నులో 2026-27 మదింపు సంవత్సరం అన్న మాటే కనిపిస్తుంది. ఇక్కడి ఉదాహరణలన్నీ ఆ సంవత్సరానివే.

టీడీఎస్ అంచనా ఎంత పక్కదారి పట్టగలదో చెప్పడానికి ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారి లెక్కకు మించిన ఉదాహరణ లేదు. హైదరాబాద్‌లో ఒక ఉద్యోగి మొదటి ఆరు నెలలు నెలకు 1,00,000 చొప్పున ఒక కంపెనీలో, తర్వాతి ఆరు నెలలు నెలకు 1,20,000 చొప్పున మరో కంపెనీలో పనిచేశారనుకుందాం. కొత్త పన్ను విధానంలో (మినహాయింపులు, రేట్లు రెండూ తక్కువగా ఉండే పద్ధతి) పన్ను పరిధిలోకి వచ్చే ఆదాయం 12,00,000 దాటకపోతే సెక్షన్ 87ఎ రిబేటు, అంటే పన్ను మాఫీ వల్ల పన్ను సున్నా అవుతుంది. మొదటి కంపెనీ ఏడాది జీతం 12,00,000 అవుతుందని అంచనా కట్టి, జీతగాళ్లందరికీ ఒకేలా వర్తించే 75,000 తగ్గింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి, పన్ను ఏమీ పట్టుకోలేదు. రెండో కంపెనీకి పాత జీతం వివరాలు ఫారం 12బిలో అందలేదు. కనుక అది తాను ఇచ్చిన 7,20,000 మాత్రమే చూసి, అందులోంచి మరో 75,000 తీసేసి, తానూ ఏమీ పట్టుకోలేదు. కంపెనీలు ఇచ్చే జీతం, కోతల ధ్రువపత్రాలైన రెండు ఫారం 16లలోనూ పన్ను సున్నా. వాటిని కలిపి చూస్తే మాత్రం జీతం 13,20,000. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే వర్తిస్తుంది కాబట్టి పన్ను పరిధిలోకి వచ్చేది 12,45,000. శ్లాబుల, అంటే అంచెలంచెలుగా పెరిగే రేట్ల ప్రకారం దాని మీద పన్ను 66,750. ఆదాయం 12,00,000ను కొద్దిగా మాత్రమే దాటినప్పుడు, దాటిన మొత్తం కన్నా పన్ను ఎక్కువ కాకూడదన్న ఉపశమనం వల్ల అది 45,000కు తగ్గుతుంది, దాని మీద 4 శాతం సెస్సు చేరి 46,800 అవుతుంది. ఏడాదంతా ఒక్క రూపాయి కోత పడని మనిషి జూలైలో ఇంత కట్టవలసి వస్తుంది. పైగా కట్టవలసిన పన్ను 10,000 దాటితే అడ్వాన్స్ టాక్స్ ఏడాదిలోనే నాలుగు విడతలుగా కట్టి ఉండాలన్నది చట్టం, కట్టనందుకు సెక్షన్ 234బి, 234సి కింద వడ్డీ పడుతుంది. జూలైలో కట్టేసినా ఆ వడ్డీ నాలుగు వేలు దాటుతుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు, రెండు కంపెనీలూ తమ లెక్క తాము సరిగ్గానే వేశాయి. రెండింటినీ కలిపే పని ఎవరూ చేయలేదు, అంతే.

డిపాజిట్ వడ్డీ విషయంలో ఈ తేడా రెండు వైపులా ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50,000 దాటితేనే, సీనియర్ సిటిజన్లకైతే 1,00,000 దాటితేనే, 10 శాతం టీడీఎస్ పడుతుంది. 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఈ 10 శాతం కోతతో పని పూర్తికాదు, మిగతా 20 శాతం రిటర్నులో చేతినుంచి కట్టాలి. పరిమితి దాటలేదు కాబట్టి కోత పడలేదు, కోత పడలేదు కాబట్టి చూపనక్కరలేదు అనుకోవడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఆ పరిమితి కోతకు సంబంధించినదే తప్ప పన్నుకు సంబంధించినది కాదు. ఇక రిటైరైన ఉపాధ్యాయుడి లెక్క చూస్తే వ్యవహారం తలకిందులవుతుంది. పెన్షన్ 6,00,000, వడ్డీ 1,20,000 ఉంటే కొత్త విధానంలో ఆయన కట్టవలసిన పన్ను సున్నా. అయినా బ్యాంకు 12,000 పట్టుకుని ఉంటుంది. ఏడాది మొదట్లోనే తనకు పన్ను పడదని ప్రకటించే ఫారం 15హెచ్ బ్యాంకుకు ఇచ్చి ఉంటే ఆ కోత పడేదే కాదు, ఇవ్వకపోతే రిటర్ను వేస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. పన్ను లేదు కదా, రిటర్ను ఎందుకని ఊరుకునే పెద్దవాళ్లు తమ సొమ్మునే వదులుకుంటున్నారు.

12,00,000 వరకు పన్ను లేదన్న వార్తాశీర్షిక కూడా కొంత అపోహ కలిగించింది. రిబేటు మామూలు శ్లాబు ఆదాయానికే వర్తిస్తుంది. 9,00,000 జీతం ఉన్న యువకుడు షేర్లు కొని ఏడాదిలోపు అమ్మి 50,000 లాభం పొందితే, జీతం మీద పన్ను సున్నా అయినా ఆ లాభం మీద 20 శాతం, అంటే 10,000, దానిమీద సెస్సు కట్టవలసిందే.

సరిచూసుకోవడానికి మూడు పత్రాలు ఉన్నాయి. జూన్ 15 నాటికి యజమాని ఇవ్వవలసిన ఫారం 16లో జీతం, దాని మీద కోత కనిపిస్తాయి. ఫారం 26ఎఎస్‌లో పాన్ నంబరు మీద ప్రభుత్వ ఖాతాకు నిజంగా చేరిన టీడీఎస్ కనిపిస్తుంది. కంపెనీ కోసుకుని జమ చేయకపోతే, లేదా పాన్ నంబరు తప్పు రాస్తే, ఆ తేడా ఇక్కడే బయటపడుతుంది. మూడోది 2021 నవంబర్‌లో మొదలైన ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదిక. సేవింగ్స్ ఖాతా వడ్డీ, డివిడెండ్లు, షేర్లు, మ్యూచువల్ ఫండ్ల అమ్మకాలు, భారీ నగదు జమలు, స్థలాల కొనుగోళ్లు అన్నీ ఇందులోకి వస్తాయి. ఎప్పుడో తెరిచి మరచిపోయిన ఖాతాలోని మూడు వందల రూపాయల వడ్డీ కూడా ఇందులో ఉంటుంది.

పోర్టల్ ముందే నింపి ఇచ్చే అంకెలు చాలా వరకు వీటి నుంచే వస్తాయి. అవి సౌకర్యమే కానీ, సరిచూడకుండా వాటి మీద ఆధారపడడం సరికాదు. భార్యాభర్తల ఉమ్మడి డిపాజిట్ వడ్డీ మొత్తం ఒకరి పేరునే కనిపించవచ్చు, ఒకే లావాదేవీ రెండుసార్లు నమోదై ఉండవచ్చు. అలాంటివాటికి ఏఐఎస్‌లోనే అభ్యంతరం తెలిపే వీలుంది, దాన్ని వాడుకోవాలి. దీనికన్నా తక్కువమంది పట్టించుకునేది రెండో వైపు: ఏఐఎస్‌లో లేనిదంతా పన్నుకు అతీతం అయిపోదు. ఊళ్లోని దుకాణం గది అద్దె, చేబదులుగా ఇచ్చిన అప్పు మీద వచ్చిన వడ్డీ, సెలవు రోజుల్లో చేసిన ట్యూషన్ల డబ్బు ఎవరూ నివేదించని ఆదాయాలు. వాటిని రిటర్నులో చేర్చవలసిన బాధ్యత పూర్తిగా సంతకం పెట్టే మనిషిదే. కాబట్టి నాలుగో పత్రంగా బ్యాంకు పాస్‌బుక్కును పక్కన పెట్టుకుని ఏప్రిల్ నుంచి మార్చి దాకా జమల వరుస ఒక్కసారి చదవడం అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. దానికి ఒక సాయంత్రం పడుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఉద్యోగం పట్నంలో, పొలం ఊళ్లో ఉన్న కుటుంబాలు లెక్కకు మిక్కిలి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదన్న మాట నిజమే, కానీ దాన్ని చూపనవసరం లేదన్నది నిజం కాదు. అది 5,000 దాటితే సహజ్ అని పిలిచే అతి సులభమైన రిటర్ను ఫారం ఐటీఆర్-1 వేయడానికి అర్హత పోతుంది, వ్యాపారం లేని ఉద్యోగి ఐటీఆర్-2 వేయాలి. 5,00,000 దాటితే భూమి ఏ జిల్లాలో ఉందో, విస్తీర్ణం ఎంతో, సొంతమో కౌలో, నీటివసతి ఉన్నదో వర్షాధారమో కూడా రాయాలి. పైగా ఆ ఆదాయం నేరుగా పన్నుకు గురికాకపోయినా, మిగతా ఆదాయం మీద పడే రేటును పెంచుతుంది. జీతం నుంచి పన్ను పరిధిలోకి వచ్చేది 15,00,000, పొలం మీద వచ్చింది 2,00,000 అనుకుంటే, ముందు మొత్తం 17,00,000 మీద పన్ను లెక్కించి 1,40,000 అని తేల్చి, అందులోంచి 4,00,000 మినహాయింపు పరిమితికి పొలం ఆదాయం కలిపిన 6,00,000 మీది పన్ను 10,000 తీసేస్తారు. మిగిలేది 1,30,000. పొలం సంగతి చెప్పకుండా వేస్తే వచ్చేది 1,05,000. అంటే పన్ను లేని ఆదాయాన్ని దాచడం వల్ల 25,000 పన్ను ఎగవేసినట్టు అవుతుంది. గోదావరి, కృష్ణా జిల్లాల వారు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. వరి చేను చెరువైపోయాక అక్కడ పెంచే చేపలు, రొయ్యల మీద వచ్చే ఆదాయం ఈ చట్టం దృష్టిలో వ్యవసాయం కాదు, వ్యాపారం. కోళ్లు, పాడి కూడా అంతే. పట్టాదారు పాస్‌పుస్తకంలో భూమి వ్యవసాయ భూమిగా ఉన్నంత మాత్రాన దాని మీద చేసే ప్రతి పనీ వ్యవసాయం అయిపోదు.

అమెరికా మాతృసంస్థల షేర్లు జీతంలో భాగంగా అందుకునే హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. షేర్లు చేతికి వచ్చిన రోజు విలువ జీతంలో కలిసి ఫారం 16లో కనిపిస్తుంది, దానిమీద కోత కూడా పడుతుంది. అంతటితో ముగిసిందని చాలామంది అనుకుంటారు. కానీ భారత్‌లో మామూలు నివాసి హోదా ఉన్నవారి పేరున విదేశీ షేరు ఒక్కటి ఉన్నా ఐటీఆర్-1 వేయకూడదు, షెడ్యూల్ ఎఫ్ఎ అనే పట్టికలో వాటి వివరాలు రాయాలి. ఆ పట్టిక ఆర్థిక సంవత్సరానికి కాక డిసెంబర్ 31తో ముగిసే క్యాలెండర్ సంవత్సరానికి నింపాలి, తరచు తప్పు పడేది ఇక్కడే. అమెరికా డివిడెండ్ మీద అక్కడ కోసిన 25 శాతం పన్నును ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవాలంటే ఫారం 67 కూడా దాఖలు చేయాలి. పట్టికను ఖాళీగా వదిలితే వర్తించేది నల్లధనం చట్టం, దాని కింద జరిమానా 10,00,000 దాకా ఉండవచ్చు. 2024 అక్టోబర్ నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20,00,000 మించనివారికి ఆ జరిమానా నుంచి మినహాయింపు ఇచ్చారు, పట్టిక నింపే బాధ్యత మాత్రం అలాగే ఉంది. విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ పట్టిక అక్కరలేదు. ప్రవాసులుగా వారు ఐటీఆర్-1 వేయకూడదన్నది, ప్రవాసులు భారత్‌లోని ఆదాయం కోసం ఉంచుకునే ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ మీద పడే 30 శాతం కోతలో ఎక్కువైన భాగం రిటర్నుతోనే తిరిగి వస్తుందన్నది వారు తెలుసుకోవలసిన విషయాలు.

పాత విధానమా, కొత్త విధానమా అన్న ప్రశ్నకు అందరికీ పనికొచ్చే జవాబు లేదు. 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతే వర్తించేది కొత్తదే. ఇందులో 80సి (పొదుపులు), 80డి (ఆరోగ్య బీమా), ఇంటి అద్దె భత్యం, సొంతంగా ఉండే ఇంటి రుణ వడ్డీ, వృత్తి పన్ను ఏవీ ఆదాయంలోంచి తగ్గవు, పన్ను రేట్లు మాత్రం తక్కువగా ఉంటాయి. తేడా ఎంత సున్నితంగా ఉంటుందో ఒక లెక్కతో తెలుస్తుంది. హైదరాబాద్‌లో 18,00,000 జీతంతో పనిచేసే ఉద్యోగి, అందులో మూలవేతనం 9,00,000. గుంటూరులో తల్లిదండ్రులు ఉంటున్న సొంత ఇంటి రుణ వడ్డీ 2,00,000, 80సి కింద 1,50,000, ఆరోగ్య బీమా 25,000, ఎన్‌పీఎస్ పెన్షన్ పథకంలో 50,000, తెలంగాణ వృత్తి పన్ను 2,400. కొత్త విధానంలో ఇవేవీ లెక్కకు రావు, సెస్సుతో కలిపి పన్ను 1,50,800. పాతదానిలో ఇవన్నీ తీసేసినా పన్ను 2,17,000 దాటుతుంది. ఇన్ని మినహాయింపులున్నా పాతదానికి గెలుపు లేదన్నమాట. ఇక ఇంటి అద్దె భత్యం కలిపి చూడాలి. 2025-26 ఆదాయానికి వర్తించే నిబంధనల్లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే మూలవేతనంలో 50 శాతం పరిమితి, హైదరాబాద్‌కు 40 శాతమే. అద్దె నెలకు 25,000 అయితే, మూలవేతనంలో పదో వంతు తీసేశాక మినహాయింపు 2,10,000 వస్తుంది, పాత విధానంలో పన్ను 1,52,131, అంటే కొత్తదే ఇంకా సుమారు 1,300 చవక. అదే అద్దె 30,000 అయితే పాత విధానంలో పన్ను 1,33,411కు దిగి, 17,000 పైగా మిగులుతుంది. నెలకు 5,000 అద్దె తేడా నిర్ణయాన్ని తిప్పేసింది. సహోద్యోగి ఏది ఎంచుకున్నాడో చూసి ఎంచుకోవడం ఎందుకు తగదో ఈ లెక్క చెబుతుంది.

కంపెనీకి ఏప్రిల్‌లో చెప్పిన విధానానికి ఉద్యోగి కట్టుబడి ఉండనక్కరలేదు, వ్యాపార ఆదాయం లేనివారు రిటర్నులో ఏటా మార్చుకోవచ్చు. దానికి ఒకే ఒక్క షరతు ఉంది, పాత విధానం కావాలంటే రిటర్ను గడువులోపే వేయాలి. ఆగస్టులో వేసిన రిటర్నులో పాత విధానం అందుబాటులో ఉండదు. ఆలస్య రుసుము ఆదాయాన్ని బట్టి 1,000 లేదా 5,000 అని మాత్రమే చాలామందికి తెలుసు. పై ఉద్యోగికి మాత్రం ఒక్కరోజు ఆలస్యం రుసుముతో పాటు ఆ 17,000 కూడా పోగొడుతుంది.

మినహాయింపుల విషయంలో గట్టిగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. పట్టుకున్న పన్నంతా వెనక్కి తెప్పిస్తామని, వచ్చినదాంట్లో వాటా ఇస్తే చాలని చెప్పే దళారులు ఉన్నారు. వారు చేసేది లేని విరాళాలు, లేని అద్దెలు, లేని చదువు రుణాలు రాయడమే. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా తనిఖీలు మొదలుపెట్టింది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులను సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకున్నారని అప్పుడు ప్రకటించింది. ఆ ఏటి రిటర్ను ఫారాల్లోనే బీమా పాలసీ నంబరు, రుణం ఇచ్చిన సంస్థ పేరు, రుణ ఖాతా నంబరు వంటి వివరాలు అడగడం మొదలైంది. పట్టుబడినప్పుడు ఆదాయాన్ని తప్పుగా చూపినందుకు పన్నుకు రెండింతల దాకా జరిమానా పడేది పాన్ నంబరు ఎవరిదో వారికే. వాటా తీసుకుని వెళ్లిన దళారి పేరు ఆ రిటర్నులో ఎక్కడా ఉండదు. నమ్మకమైన ఆడిటర్ దగ్గరికి వెళ్లినా సరే, సమర్పించే ముందు రిటర్ను నకలు తీసుకుని తన పేరున ఏం రాశారో చదువుకోవడం మర్యాదకు భంగం కాదు, అది హక్కు.

లెక్క తేలాక ఇంకా పన్ను కట్టవలసి ఉంటే ముందు దాన్ని స్వీయ మదింపు పన్నుగా ఈ-పే ద్వారా కట్టి, చలాను వివరాలు రిటర్నులో చేర్చి, ఆ తర్వాత సమర్పించాలి. చలానులో మదింపు సంవత్సరం తప్పు ఎంచుకుంటే కట్టిన డబ్బు వేరే ఏడాది ఖాతాలో పడి, ఈ ఏడాది బాకీ అలాగే నిలిచిపోతుంది. వాపసు రావలసి ఉంటే బ్యాంకు ఖాతా పోర్టల్‌లో ధ్రువీకరణ పొంది ఉండాలి, పేరు పాన్‌తో కలవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట చివర ఉండే తెలుగువారికి ఇక్కడే చిక్కు వస్తుంది.

సమర్పించడంతో రిటర్ను దాఖలైనట్టు కాదు. 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో ధ్రువీకరించాలి, లేదా సంతకం చేసిన ఐటీఆర్-వి అనే రసీదు పత్రాన్ని బెంగళూరులోని ఆదాయపు పన్ను శాఖ కేంద్రానికి పోస్టులో పంపాలి. ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరు మారిపోయి ఓటీపీ రాక, రేపు చూద్దామని వదిలేసినవారి రిటర్ను చట్టం దృష్టిలో వేయనట్టే. ధ్రువీకరణ తర్వాత సెక్షన్ 143(1) కింద ఒక సమాచార పత్రం ఈమెయిల్‌కు వస్తుంది. అందులో ఒక నిలువు వరుసలో పన్ను చెల్లింపుదారు చూపిన అంకెలు, పక్క వరుసలో శాఖ లెక్కించిన అంకెలు ఉంటాయి. చాలామంది చివరి పంక్తిలోని వాపసు మొత్తం మాత్రం చూసి పక్కన పెట్టేస్తారు. రెండు వరుసలనూ పంక్తి పంక్తికీ పోల్చి చదివితే, ఎక్కడైనా తేడా ఉంటే అది తన పొరపాటా, శాఖ పొరపాటా తెలుస్తుంది. తన పొరపాటైతే గడువు ఉన్నంతవరకు సవరించిన రిటర్ను వేయవచ్చు, శాఖదైతే పోర్టల్‌లోనే సరిదిద్దమని కోరవచ్చు. సవరణ గడువు దాటాక మిగిలేది అప్‌డేటెడ్ రిటర్ను ఒక్కటే. దానికి నాలుగేళ్ల వ్యవధి ఉన్నా, 25 నుంచి 70 శాతం దాకా అదనపు పన్ను కట్టాలి, దానితో పన్ను తగ్గించుకోవడానికి గానీ వాపసు పెంచుకోవడానికి గానీ వీలులేదు.